ఉగాండాలో మిషనరీ ఉపాధ్యాయులుగా సేవ చేయదలచిన తెలుగు యువతకు సమగ్ర మార్గదర్శి

రాబర్ట్ నోబుల్ చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో మచిలీపట్నం చేరి, 1843లో అక్కడ పాఠశాల తెరిచి, 1865లో కన్నుమూసేవరకు ఆ బడి పనిలోనే ఉన్నారు. అదే సొసైటీ పంపిన మొదటి బృందం 1877లో, నేటి ఉగాండాలో భాగమైన బుగాండా రాజ్యానికి చేరింది. ఆ మరుసటి సంవత్సరం అక్కడికి చేరిన స్కాట్లాండు ఇంజనీరు అలెగ్జాండర్ మెకే చేతిపనులూ అచ్చుపనీ నేర్పుతూ, 1890లో విక్టోరియా సరస్సుకు దక్షిణాన ఉన్న ఉసంబిరోలో మరణించారు. తెలుగు సంఘాలు ఇలాంటి సేవను అందుకోవడంతోనే ఆగిపోలేదు. 1903లో జాన్ రంగయ్య తెలుగు బాప్టిస్టు సంఘాల తరఫున దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లి, తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల మధ్య పరిచర్య చేశారు. నేడు డిగ్రీ, బి.ఎడ్. పూర్తిచేసి విదేశాల్లో బోధన ద్వారా సేవ చేయాలనుకునే తెలుగు యువతీయువకులకు ఉపయోగపడాలని, ఒక నిర్దిష్టమైన దేశాన్ని, అంటే ఉగాండాను, తీసుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. అన్ని దేశాలకూ సరిపోయే సలహా చివరికి ఎవరికీ అక్కరకు రాదు కనుక ఈ పద్ధతి ఎంచుకున్నాను.

మొదటి అడుగు: మీరు ఏ పనికి వెళ్తున్నారో తేల్చుకోవడం

ఉగాండా క్రైస్తవం ఎరుగని దేశం కాదు. 2014 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజల్లో 39 శాతం కాథలిక్కులు, 32 శాతం ఆంగ్లికన్లు, 11 శాతం పెంతెకొస్తు విశ్వాసులు, దాదాపు 14 శాతం ముస్లింలు. 1885 నుండి 1887 వరకు బుగాండా రాజు మ్వాంగా పాలనలో విశ్వాసం కోసం ప్రాణాలర్పించిన యువకుల జ్ఞాపకార్థం ప్రతి సంవత్సరం జూన్ 3న రాజధాని కంపాలా దగ్గరి నముగోంగోకు లక్షల మంది వస్తారు. వారిలో చాలామంది రోజుల తరబడి నడిచి వస్తారు. 1930ల నుండి తూర్పు ఆఫ్రికాను కదిలించిన ఉజ్జీవం, అంటే ఆధ్యాత్మిక మేల్కొలుపు, ఆనవాళ్లు పల్లె సంఘాల్లో నేటికీ కనిపిస్తాయి. అలాంటి చోటికి "సువార్త తెలియని వారికి తెలియజేయడానికి వచ్చాను" అనే ధోరణితో వెళ్తే, మీ తాతల కాలం నుండి విశ్వాసంలో ఉన్నవారిని నొప్పించినవారవుతారు.

మరి వారికి కావలసినదేమిటి? గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం నిలకడగా చెప్పగల ఉపాధ్యాయులు, ముఖ్యంగా రాజధానికి దూరంగా ఉన్న పాఠశాలల్లో. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుకుని ఉండే మాట ఒక్కటే: మీ పరిచర్య మీ తరగతి గదిలోనే ఉంది. సిద్ధపడకుండా పాఠానికి వెళ్లి సాయంత్రం గంటసేపు ప్రార్థన నడిపించిన ఉపాధ్యాయుడు తన పిలుపును సగం కూడా నెరవేర్చలేదని నా దృఢమైన అభిప్రాయం.

రెండవ అడుగు: పంపే సంఘం, పిలిచే సంఘం

ఒంటరిగా, సొంత నిర్ణయం మీద బయలుదేరకండి. ఇక్కడ మిమ్మల్ని ఎరిగిన సంఘం, మీ కాపరి, సంఘ పెద్దలు మీ పిలుపును పరీక్షించి, పంపే బాధ్యతను రాతపూర్వకంగా స్వీకరించాలి. అక్కడ మిమ్మల్ని కోరుకునే పాఠశాలగానీ డయోసిస్ (ఒక బిషప్ పరిధిలోని సంఘాల సముదాయం) గానీ ఉండాలి. ఆ కోరిక వారి నుండి రావడం ముఖ్యం. మీరే వెళ్తామని బతిమాలి తెప్పించుకున్న ఆహ్వానపత్రం నిలిచేది కాదు. ఉగాండాలో ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలల్లో చాలావాటిని స్థాపించినవి సంఘాలే. 1902లో మొదలైన నమిల్యాంగో కళాశాల, 1905 నాటి గయాజా బాలికల పాఠశాల, 1906 నాటి బుడో కింగ్స్ కళాశాల అలా పుట్టినవే. కాబట్టి ఆహ్వానం వచ్చినప్పుడు ఆ పాఠశాలను స్థాపించిన సంఘం ఏది, దాని డయోసిస్ కార్యాలయం మీ పేరు ఎరుగునా అన్నది నేరుగా రాసి తెలుసుకోండి.

ఒప్పందపత్రంలో ఏ తరగతులకు ఏ పాఠ్యాంశం బోధించాలి, వారానికి ఎన్ని పీరియడ్లు, వసతి ఎక్కడ, జీవనభత్యం ఎంత, ఎవరు ఇస్తారు, అనుమతుల ఖర్చు ఎవరిది, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రి, అత్యవసరంగా తిరిగి రావలసివస్తే టికెట్ ఎవరు కొంటారు అన్నవన్నీ స్పష్టంగా ఉండాలి. ఇవి అడగడం విశ్వాసలోపమని కొందరు పెద్దలు అనవచ్చు. ఆ మాట పట్టించుకోకండి. ముందుగా మాట్లాడుకోని విషయాలే తరువాత రెండు సంఘాల మధ్య మనస్పర్థలకు కారణమవుతాయి.

మూడవ అడుగు: పత్రాలు, అనుమతులు

పర్యాటక వీసా మీద వెళ్లి బోధించడం చట్టవిరుద్ధం. కెన్యా, ఉగాండా, రువాండాలలో తిరగడానికి 90 రోజుల పాటు చెల్లే తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసా 100 డాలర్లకు దొరుకుతుంది కనుక దానితో పని నడిపించుకోవచ్చని సలహా ఇచ్చేవారు ఉంటారు. ప్రభువు సేవకు బయలుదేరినవారు మొదటి రోజే ఆ దేశపు అధికారికి అబద్ధం చెప్పడం ఎంతమాత్రం తగదు. పట్టుబడితే మీతోపాటు మిమ్మల్ని పిలిచిన పాఠశాల కూడా చిక్కుల్లో పడుతుంది. మిషనరీలకు, స్వచ్ఛంద సేవకులకు ఉగాండా వలస నియంత్రణ శాఖ ప్రత్యేక తరగతి ప్రవేశానుమతి ఇస్తుంది. దానికి పిలిచే సంస్థ ద్వారానే దరఖాస్తు చేయించాలి. విద్యాశాఖ నుండి ఉపాధ్యాయుల నమోదుకు సంబంధించిన అనుమతిని ఎవరు తెప్పిస్తారో కూడా ఆ సంస్థనే అడగాలి.

మీ వైపు నుండి సిద్ధం చేసుకోవలసినవి ఇవి: కనీసం రెండేళ్లు గడువున్న పాస్‌పోర్టు, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికేట్, డిగ్రీ, బి.ఎడ్. పట్టాలు, మార్కుల పత్రాలు, బోధనానుభవ పత్రాలు, కాపరి సిఫార్సు లేఖ. పట్టాలను రాష్ట్ర ప్రభుత్వం, ఆపై భారత విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. ఉగాండా హైకమిషన్ ముద్ర కూడా కావాలా అన్నది పాఠశాల చెప్పగలదు. విశ్వవిద్యాలయం దగ్గర ఒక్క పరిశీలన ఆగినా నెలలు గడిచిపోతాయి కనుక ప్రయాణానికి ఆరు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. ఉద్యోగం కోసం విదేశంలో నివసించేవారు తమ సాధారణ పొదుపు ఖాతాను ప్రవాస భారతీయుల ఖాతాగా మార్పించుకోవాలని మన బ్యాంకు నిబంధన. వెళ్లేముందే బ్యాంకులో ఆ సంగతి తేల్చుకోండి.

నాలుగవ అడుగు: ఆరోగ్యం

ఈ భాగాన్ని తొందరపడి దాటవేయవద్దని కోరుతున్నాను. ఉగాండాలో ప్రవేశించడానికి పచ్చజ్వరం, అంటే ఎల్లో ఫీవర్, టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ఈ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 2016 జూలై నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం ప్రకారం ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మన దేశంలో దీన్ని ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. గుడ్డు పడనివారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల గురించీ, ఊరి పాఠశాలకు వెళ్లేవారైతే కుక్కకాటు టీకా గురించీ అదే సమయంలో అడగండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మలేరియా. మన్యం ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారు సైతం "మాకు అలవాటే" అనుకోకూడదు. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం రకం, అది రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకు తెస్తుంది. మందు పూసిన దోమతెర కింద ప్రతి రాత్రీ పడుకోవాలి, సాయంకాలం పొడవు చేతుల బట్టలు వేసుకోవాలి, నివారణ మాత్రలు ఎంతకాలం వేసుకోవాలో వైద్యునితో మాట్లాడాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. పాఠాలు పోతాయని రెండో రోజు దాకా ఆగడం త్యాగం అనిపించుకోదు. స్వదేశానికి వచ్చాక కొన్ని నెలలలోపు జ్వరం వస్తే, ఉగాండాలో ఉండి వచ్చిన సంగతి ఇక్కడి వైద్యునికి మొట్టమొదట చెప్పాలి.

మరో రెండు సంగతులు మనవారికి కొత్తవి. విక్టోరియా సరస్సు ఒడ్డు ఎంత అందంగా ఉన్నా, ఆ నీటిలో దిగకండి. నత్తల ద్వారా వ్యాపించే బిల్‌హార్జియా పురుగులు చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి. ఆరుబయట ఆరేసిన బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, వాటి పిల్లలు చర్మంలోకి దూరి పుండ్లు చేస్తాయి. అందుకే లోదుస్తులతో సహా ప్రతి బట్టనూ రెండువైపులా ఇస్త్రీ చేసి తొడుక్కోవడం అక్కడి అలవాటు.

ఐదవ అడుగు: ప్రయాణం, మొదటి వారం

విమానం దిగేది విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఎంటెబ్బెలో. ముంబయి నుండి నేరుగాగానీ, దుబాయి, అడిస్ అబాబా, నైరోబీ వంటి చోట్ల విమానం మారిగానీ చేరవచ్చు. భూమధ్యరేఖకు దగ్గరైనా కంపాలా సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉన్నందున మన వేసవి ఎండలు అక్కడ ఉండవు, రాత్రుళ్లు పలుచని స్వెటర్ కావాలి. మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు వాడతారు కాబట్టి అడాప్టర్ తీసుకువెళ్లండి. డాలర్లు తీసుకువెళ్తే ముడతలు, చిరుగులు లేని కొత్త వంద నోట్లే తీసుకోండి, పాత నోట్లను మార్పిడి దుకాణాలు తిరస్కరిస్తాయి, చిన్న నోట్లకు తక్కువ ధర కడతాయి. స్థానిక షిల్లింగులను చాలామంది ఫోన్ ద్వారానే పంపుకుంటారు. పాస్‌పోర్టు చూపి సిమ్ కార్డు నమోదు చేయించుకోవడం మొదటి రోజు పని.

కంపాలాలోని భారత హైకమిషన్‌లో మీ పేరు, చిరునామా నమోదు చేయించండి. మన సమయం అక్కడికంటే రెండున్నర గంటలు ముందుంటుంది కనుక ఇంటివారితో మాట్లాడే వేళను ముందే నిర్ణయించుకుంటే రాత్రుళ్లు ఫోను పట్టుకుని కూర్చోవలసిన అవసరం రాదు. స్థానిక భాషల్లో ఒకటైన లుగాండాలో గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారని గుర్తుంచుకోండి. ఉదయం ఏడు గంటలు వారికి ఒకటో గంట, కాబట్టి ఎవరైనా స్థానిక భాషలో సమయం చెబితే మరొకసారి అడిగి నిర్ధారించుకోండి.

ఆరవ అడుగు: తరగతి గది

పాఠశాల సంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలై డిసెంబరు మొదట్లో ముగుస్తుంది, మధ్యలో మూడు టర్ములు ఉంటాయి. ప్రాథమిక విద్య ఏడేళ్లు, ఆపై మాధ్యమిక విద్యలో ఓ-లెవెల్ నాలుగేళ్లు, ఏ-లెవెల్ రెండేళ్లు. ఏడో తరగతి చివర జరిగే పబ్లిక్ పరీక్ష పిల్లల భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది కనుక ఇంటివారు దానికి ఎంతో ప్రాధాన్యం ఇస్తారు. 2020లో ఓ-లెవెల్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. బట్టీ పట్టించడానికి బదులు పిల్లలు చేసి చూపే పనులకూ ప్రాజెక్టులకూ అందులో విలువ పెరిగింది. మన ఇంటర్మీడియట్ కోచింగ్ పద్ధతిలో చదువుకున్నవారు ఇక్కడ తమ అలవాటును మార్చుకోవలసివస్తుంది. వెళ్లేముందే ఆ పాఠ్యప్రణాళిక, పాత ప్రశ్నపత్రాలు పాఠశాల నుండి తెప్పించుకుని చదవండి, ప్రతి టర్ముకూ ఏ పాఠం ఎప్పుడు చెబుతారో పథకం రాసి ప్రధానోపాధ్యాయునికి చూపించడం అక్కడ తప్పనిసరి.

బోధన ఇంగ్లీషులోనే జరుగుతుంది, కాని మీ ఉచ్చారణ వారికీ వారి ఉచ్చారణ మీకూ మొదట కొత్త. మొదటి నెల నెమ్మదిగా మాట్లాడుతూ, ముఖ్యమైన ప్రతి మాటనూ బోర్డు మీద రాస్తూ పాఠం చెప్పండి. ఒక్క తరగతిలో 60, 80 మంది ఉండటం అరుదేమీ కాదు, పాఠ్యపుస్తకాలు కొద్దిమంది చేతిలోనే ఉంటాయి. కరెంటు పోయినా పాఠం ఆగకుండా సుద్దముక్క, తాడు, సీసామూతలు, చీపురుపుల్లలతో చెప్పగల పద్ధతులు సిద్ధం చేసుకోండి. మన ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసిన వారికి ఈ నేర్పు సహజంగానే ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూసుకోకండి.

పిల్లల రక్షణ విషయంలో ఏ మాత్రం సడలింపు ఉండకూడదు. 2016 నాటి బాలల చట్ట సవరణ పాఠశాలల్లో శారీరక శిక్షను నిషేధించింది. చుట్టూ ఇతరులు బెత్తం వాడుతున్నా మీరు చేయెత్తకండి. ఏ విద్యార్థితోనూ తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. హాస్టలు పిల్లలకు వ్యక్తిగతంగా డబ్బు, బహుమానాలు ఇవ్వకండి. ఫీజు కట్టలేని పిల్లవాడికి సాయం చేయాలనిపిస్తే పాఠశాల కార్యాలయం ద్వారా, మీ పేరు తెలియకుండా చేయండి. చినిగిన బట్టలతో ఉన్న పిల్లల ఫొటోలు మన సంఘాలకు పంపి కానుకలు పోగుచేయడం మనలో చాలామందికి మామూలైపోయింది. మీ చెల్లెలిని అలా చూపడానికి ఒప్పుకోని మీరు ఆ పిల్లను కూడా చూపించకూడదు. ముస్లిం విద్యార్థులను ప్రార్థనకో బాప్తిస్మానికో ఒత్తిడి చేయడం వారి తల్లిదండ్రులు పాఠశాల మీద ఉంచిన నమ్మకాన్ని వమ్ముచేయడమే.

ఏడవ అడుగు: మనుషుల మధ్య

తెల్లజాతి మిషనరీకి ఎదురుకాని ప్రశ్న ఒకటి మీకు ఎదురవుతుంది. మిమ్మల్ని చూడగానే చాలామంది వ్యాపారి అనుకుంటారు, ఏ దుకాణం మీదని అడుగుతారు. దానికి చరిత్రే కారణం. 1896 నుండి 1901 వరకు ఉగాండా రైల్వే కట్టడానికి బ్రిటిష్‌వారు మన దేశం నుండి, ముఖ్యంగా పంజాబు నుండి, దాదాపు 32 వేల మందిని తెచ్చారు. ఆ తరువాత వచ్చిన గుజరాతీ కుటుంబాలు వర్తకంలో స్థిరపడ్డాయి. 1972లో నాటి ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆసియావాసులను దేశం నుండి వెళ్లగొట్టాడు. తరువాతి కాలంలో అనేకులు తిరిగివచ్చి పరిశ్రమలు, దుకాణాలు నడుపుతున్నారు. భారతీయ యజమాని కింద పనిచేసిన వారికి కొన్ని చేదు అనుభవాలూ ఉండవచ్చు. ఎవరైనా ఆ మాట తీస్తే వాదించకుండా వినండి. సహోపాధ్యాయులతో కలిసి ఒకే బల్ల దగ్గర భోంచేయడం, వారు కట్టే అద్దె ఇంటి లాంటి ఇంట్లోనే ఉండటం మీ జవాబు కావాలి. ఆదివారాల్లో కంపాలా భారతీయుల మధ్యకే వెళ్లిపోతుంటే ఆ జవాబు వారికి చేరదు.

పలకరింపులకు అక్కడ చాలా విలువ ఉంది. దారిలో ఎదురైనవారిని క్షేమం అడగకుండా పని మాట మొదలుపెడితే అమర్యాదగా భావిస్తారు. "ఒలి ఒత్యా" అని పలకరించడం, "వెబాలే" అని కృతజ్ఞత చెప్పడం, పెద్దలను "స్సెబో", "న్న్యాబో" అని గౌరవంగా సంబోధించడం మొదటి వారంలోనే నేర్చుకోండి. అయితే లుగాండా మధ్య ప్రాంతపు భాష. ఉత్తరాన అచోలీ, లాంగో, పడమట రున్యాంకోలే వంటివి మాట్లాడతారు కనుక మీ పాఠశాల ఏ ప్రాంతమో తెలిశాకే పాఠాలు మొదలుపెట్టండి. ఆరాధనలో కొత్తవారిని నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటారు. రెండు నిమిషాల్లో, మీ ఊరి పేరుతో, వినయంగా ముగించండి. ప్రసంగానికి పిలిచేవరకు ఆగండి.

భోజనంలో మటోకే అనే ఉడికించిన పచ్చి అరటి ముద్ద, మొక్కజొన్న పిండితో చేసే పోషో, చిక్కుడు గింజల కూర, వేరుశెనగ పులుసు, కర్రపెండలం రోజూ ఉంటాయి. రాగిసంకటి తిన్నవారికి పోషో త్వరగానే అలవడుతుంది. తోటకూర అక్కడా దొరుకుతుంది. కారం దాదాపు ఉండదు, ఇంటి నుండి కారప్పొడి, పచ్చడి తెచ్చుకోవచ్చుగానీ, ఎవరైనా ఇంటికి పిలిచి పెట్టినప్పుడు వారి వంట మీద అది చల్లుకోకండి. యువతులు పల్లెల్లో మోకాలు దాటిన గౌను లేదా పావడా, లేదా చీర కట్టుకుంటే ఆదరం లభిస్తుంది, ప్యాంటులను సంఘంలో చాలామంది ఇష్టపడరు.

ఎనిమిదవ అడుగు: సెలవుల్లో తిరగడం

వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. బోడాబోడా అనే అద్దె మోటారుసైకిళ్లే ఊళ్లలో ప్రధాన రవాణా, వాటి ప్రమాదాలే ఆసుపత్రుల్లో ఎముకల వార్డులను నింపుతాయి. మీ సొంత హెల్మెట్ తీసుకువెళ్లండి, నడిపేవారితో కలిపి ఇద్దరికి మించి ఎక్కకండి. దూరప్రయాణపు బస్సులను పగలే ఎక్కండి. కాంగో సరిహద్దు ప్రాంతాలకు వెళ్లేముందు స్థానిక సంఘపెద్దలను తప్పక అడగాలి. 2023 జూన్‌లో కసేసే జిల్లా ఎంపోండ్వేలో ఒక మాధ్యమిక పాఠశాల మీద సాయుధ తిరుగుబాటుదారులు దాడిచేసి అనేకమంది విద్యార్థులను చంపారు.

నైలునది విక్టోరియా సరస్సు నుండి బయలుదేరే జింజా చూడదగినది. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత అక్కడ నిమజ్జనం చేశారు, ఆయన స్మారకం నది ఒడ్డున ఉంది. నముగోంగో, నమిరెంబే కేథడ్రల్ చూస్తే ఆ దేశపు విశ్వాస చరిత్ర కొంతైనా మనసుకెక్కుతుంది. కెన్యాకుగానీ రువాండాకుగానీ వెళ్తే పలుచని ప్లాస్టిక్ సంచులు సామానులో లేకుండా చూసుకోండి. ఆ దేశాల్లో అవి నిషిద్ధం. మీ ప్రవేశానుమతితో సరిహద్దు దాటి తిరిగి రావడానికి ఏ నియమాలున్నాయో టికెట్ కొనకముందే పాఠశాల ద్వారా తెలుసుకోండి.

తొమ్మిదవ అడుగు: లెక్క అప్పగించడం, తిరిగి రావడం

పంపిన సంఘానికి టర్ముకొకసారి ఉత్తరం రాయండి. అందులో ఖర్చుల లెక్క, బోధించిన పాఠాలు, ప్రార్థన అంశాలు ఉంటే చాలు. రక్షింపబడినవారి సంఖ్యను పెంచి రాయాలనే ఒత్తిడి వస్తే నెమ్మదిగా, కాని స్పష్టంగా తిరస్కరించండి. తిరుగు టికెట్ డబ్బును ఎంత అవసరం వచ్చినా ముట్టుకోకుండా విడిగా ఉంచండి. బయలుదేరేది టర్ము మధ్యలో కాకుండా చూసుకోండి, వెళ్లేముందు మీ పాఠ్యప్రణాళికలు, మార్కుల పుస్తకం, ప్రయోగాల సామాను మీ తరువాత ఆ తరగతులు తీసుకునే ఉపాధ్యాయునికి చేతికిచ్చి, కనీసం రెండు వారాలు కలిసి బోధించండి. పచ్చజ్వరపు టీకా కార్డును చెక్-ఇన్ పెట్టెలో పడేయకుండా చేతిసంచిలో పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోండి. ఉగాండా నుండి వచ్చే ప్రయాణికుల దగ్గర అది లేకపోతే మన విమానాశ్రయ ఆరోగ్యాధికారులు ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.